అర్పిత వంతు

అమ్మగారు బియ్యం సంచి తెచ్చి గడప లోపల పెట్టేసరికి గీతాంజలి గిన్నెలు తోముతోంది. పాస్టరును అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ క్యాంపులో అందరూ పిలుస్తారు. మందిరానికి వచ్చే ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆ బియ్యమంతా మందిరానికి చేరుతుంది, అక్కడి నుంచి లేనివాళ్ళ ఇళ్ళకు వెళ్తుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ గీతాంజలి కూడా అలా పోస్తూ వచ్చింది. ఇప్పుడు ఆ బియ్యం ఆమె ఇంటికి వస్తోంది. సంచిలో సోనామసూరీ, రేషను బియ్యమూ, ఎవరో వేసిన పాత బియ్యమూ కలిసిపోయి ఉంటాయి. వండితే కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉడుకుతుంది. తినేటప్పుడు ఆమెకు ఆ తేడా తెలిసేది కాదు.

“ఈ ఆదివారం నుంచి సండేస్కూలు మళ్ళీ మొదలుపెట్టకూడదా గీతా,” అంది అమ్మగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటూ. “బాలల ఆదివారం దగ్గరికొచ్చేసింది. నేనే పాటలు చెప్తున్నాననుకో. నా గొంతు విని పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు.”

“సరే అమ్మగారూ.”

ఇంకా చాలా చెప్పడానికి సిద్ధపడి వచ్చినట్టుంది, అమ్మగారు సగంలో ఆగిపోయింది. వద్దంటే కారణం చెప్పాలి. కారణం కోసం లోపల ఎక్కడో వెతకాలి. గీతాంజలికి సరే అనడమే తేలిక. జయపాల్ పోయిన దగ్గర్నుంచీ ఆమె అన్నిటికీ సరే అంటోంది. అతని పనిముట్లు ఎవరో కొంటామంటే సరే అంది. అక్క వచ్చి కొన్నాళ్ళు ఉంటానంటే సరే అంది, వెళ్తానంటే సరే అంది.

జయపాల్ ట్రాక్టర్ మెకానిక్. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు కాలవ కింద కట్టుకున్న ఈ క్యాంపు ఊళ్ళలో అతని చెయ్యి పడని ట్రాక్టరు లేదు. ఆదివారాలు మాత్రం మందిరంలో పిల్లలకు పాటలు నేర్పేవాడు. కంజీర పట్టుకుని తనే గెంతుతూ పాడేవాడు. పిల్లలు అతన్ని పాటల సార్ అనేవారు. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో డెంగీ జ్వరం వచ్చింది. రాయచూరు ఆసుపత్రిలో చేర్చారు. తిరిగి రాలేదు.

“ఒక సంగతి విన్నావా,” అంది అమ్మగారు ముందుకు వంగి. “అర్పిత ఉందిగా, నాగరాజ్ కూతురు. ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం మానేసింది. ఉపవాసం. మీ ఆయన పోయినప్పటి నుంచీనంట. బళ్ళో పెట్టే బిసియూట కూడా ముట్టదంట. తొమ్మిదేళ్ళ పిల్ల! అయ్యగారు విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. బాలల ఆదివారం నాడు అందరి ముందూ సాక్ష్యం చెప్పిద్దామన్నారు.”

“ఎందుకు ఉపవాసం?”

“అడిగితే చెప్పదు. అదే కదమ్మా భక్తి, చాటుకోకపోవడం. నువ్వు నేర్పిన పిల్లే. నువ్వూ మీ ఆయనా పడ్డ కష్టం ఊరికే పోలేదు చూడు.”

అమ్మగారు వెళ్ళాక గీతాంజలి మిగిలిన గిన్నెలు తోమి బోర్లించింది. సంచిలో బియ్యం డబ్బాలో పోసి, అలవాటుగా ఒక పిడికెడు తీసింది. దాన్ని ఎక్కడ పొయ్యాలో తెలియక కాసేపు నిలబడి మళ్ళీ అదే డబ్బాలో వేసింది.

ఆదివారం పొద్దున్నే మందిరానికి వెళ్ళింది. రేకుల కప్పు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఇనప జాలీ. జాలీలోంచి కోతకొచ్చిన వరి కనిపిస్తుంది. దూరంగా ఎక్కడో కోత మిషన్ నడుస్తోంది. సండేస్కూలు రేకుపెట్టె మూలన దుమ్ము పట్టి ఉంది. మూత తీస్తే బొమ్మల అట్టలు, సుద్దముక్కలు, కంజీర, అడుగున పాత సైకిల్ చైను.

ఆ చైను జయపాల్ తెచ్చిందే. గొలుసు ప్రార్థన అంటే ఏమిటో పిల్లలకు చెప్పాల్సి వచ్చింది ఒకసారి. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే మందిరంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు అరగంట చొప్పున మోకరించి ప్రార్థన చేస్తారు. తర్వాతి వంతువాళ్ళు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తేనే ముందువాళ్ళు లేవాలి. వంతు అయ్యేదాకా ఏమీ తినకూడదు. ఈ మాటలన్నీ గీతాంజలి చెప్తే పిల్లలు ఆవలించారు. అప్పుడు జయపాల్ దూలానికి చైను వేలాడదీసి కింద ఇటుక కట్టాడు. పిల్లలందర్నీ దగ్గరికి పిలిచి, పనిముట్టుతో మధ్యలో ఒక్క లంకె ఊడదీశాడు. ఇటుక దబ్బున పడింది. చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. “చూశారా, ఒక్క లంకె పోయినా గొలుసంతా పోయినట్టే,” అంది గీతాంజలి. ఆ రోజు పాఠం బాగా కుదిరిందని ఇద్దరూ ఇంటికి వెళ్ళేటప్పుడు అనుకున్నారు కూడా.

ఆమె చైను మళ్ళీ అడుగునే పెట్టి సుద్దముక్క తీసుకుంది.

పిల్లలు వచ్చి చాపల మీద సర్దుకున్నారు. ఆమె మొహంలోకి చూసి చూపులు తిప్పుకున్నారు. ముందుగా లోకేశ్ నోరు విప్పాడు. ఆ క్లాసులో పెద్దవాడు వాడే.

“టీచరమ్మా, మీరు రాకుంటే అమ్మగారు మాకు ఒక్కటే పాట చెప్పింది. గదే పాట. నిద్రల గూడ గదే వస్తున్నది.”

“బాగా వచ్చిందన్నమాట.”

“మాకొచ్చింది. అమ్మగారికే ఇంక రాలే.”

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వాలని గుర్తు తెచ్చుకుని నవ్వింది.

“పాటల సార్ కంజీర ఇగ ఎవరు కొడ్తరు?” అంది సుప్రీత. అందరికన్నా చిన్నది, పాలపళ్ళు ఊడుతున్న పిల్ల. పక్కనున్నవాళ్ళు దాన్ని మోచేత్తో పొడిచారు.

“ఎవరైనా కొట్టొచ్చు,” అంది గీతాంజలి. తన గొంతు ఆమెకు పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టు ఉంది.

అర్పిత చివర కూర్చుంది. మెడ సన్నబడింది. గౌను భుజాల మీంచి జారుతోంది. కథ చెప్తున్నంతసేపూ రెప్ప వెయ్యకుండా విన్నది, ఏ ప్రశ్నకూ చెయ్యి ఎత్తలేదు. చివర్లో బిస్కెట్లు పంచుతుంటే చేతులు వెనక్కి పెట్టుకుంది.

“మిర్చికి ఇయ్యొద్దు టీచరమ్మా,” అన్నాడు లోకేశ్. “ఆమె పెద్ద భక్తురాలు. ఆమెది నాకియ్యుండ్రి.”

“మిర్చి ఎవరు?”

“అర్పితనే. నేను గట్లనే పిలుస్త.”

“ఎందుకు?”

లోకేశ్ అర్పిత వైపు చూశాడు. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది. “ఊరికెనే,” అని వాడు తన బిస్కెట్ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు.

పిల్లలు వెళ్తుంటే అర్పిత తల్లి తనూజ చెప్పులు విడిచి జాలీ దగ్గర నిలబడింది. ఆమె ఈ ప్రాంతం మనిషే, పొలం పనులకు వెళ్తుంది. గీతాంజలి వాళ్ళలా గుంటూరు వైపు నుంచి కాలవ నీళ్ళ కోసం వచ్చిన కుటుంబం కాదు.

“టీచరమ్మా, జర దానికి చెప్పుండ్రి. మీరు చెప్తే తింటది.”

“నువ్వు చెప్పలేదా?”

“చెప్పిన, తిట్టిన, ఒకనాడు కొట్టిన గూడ. పొద్దుగాల ఇంత, రాత్రి ఇంత, మధ్యాహ్నం మాత్రం ముట్టది. మొన్న ఇస్కూల్ల కండ్లు తిరిగి పడ్డది. సింధనూరుల డాక్టరు చూసి రక్తం తక్కువున్నది, మంచిగ తినిపియ్యి అన్నడు. అయ్యగారికి చెప్తే, మంచిదే గదమ్మా, నీ బిడ్డను దేవుడు వాడుకుంటున్నడు అన్నరు. ఇద్దరూ చదువుకున్నోళ్ళే. నేను ఎవరి మాట ఇనాలె?”

“అర్పితను కాసేపు ఇక్కడ ఉంచు. చాపలు మడిచాక పంపిస్తాను.”

“సరే టీచరమ్మా. మీరు తింటున్నరా మరి? మీరు గూడ గట్లనే అయిన్రు.”

గీతాంజలి తల ఊపింది.

చాపలు మడవడం మొదలుపెట్టాక ఆమె అర్పితను సాక్ష్యం ఒకసారి చెప్పమంది. ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి గోడ వైపు చూస్తూ చెప్పింది. “సంఘమునకు వందనములు. నేను మధ్యాహ్న భోజనము మాని దేవుని సన్నిధిలో గడుపుచున్నాను. చిన్న వయసులోనే నాకు ఈ భారము ఇచ్చిన దేవునికి మహిమ కలుగును గాక.”

“ఇవి నీ మాటలేనా?”

“అమ్మగారు చెప్పిచ్చిన్రు.”

“నీ మాట ఏది మరి?”

అర్పిత చాప చివర్లు సమంగా కలిపింది. కలవకపోతే విప్పి మళ్ళీ కలిపింది.

“లోకేశ్ నిన్ను మిర్చి అని ఎందుకంటాడు?”

ఆ పిల్ల ఇంకో చాప లాక్కుంది. గీతాంజలి తొందరపెట్టలేదు. ఈ మధ్య ఆమెకు దేనికీ తొందర లేదు. పక్కన కూర్చుని తనూ ఒక చాప తీసుకుంది. రెండు చాపలయ్యాక అర్పిత తల దించుకునే మాట్లాడింది.

“సార్ కోసం గొలుసు పెట్టిన రోజు మా నాయన జవళగేరకు తీస్కపోయిండు. బండి టైరు మార్పియ్యనీకె. ఆడ మధ్యాహ్నం హోటల్ల ఒగ్గరణి బొరుగులు, మిర్చి బజ్జీలు ఇప్పిచ్చిండు. నేను వద్దన్న. ఉపవాసమున్నది నాయనా అన్న. పిల్లలకేం ఉపవాసమే, తిను అన్నడు. వద్దన్న టీచరమ్మా.”

“తర్వాత?”

“తర్వాత తిన్న.”

కోత మిషన్ దూరంగా ఆగిపోయింది.

“మూడింటికి నా వంతు. లోకేశ్ మోకాళ్ళ మీదున్నడు. వాని భుజం మీద చెయ్యి ఏసిన. వానికి మిర్చి వాసనొచ్చింది. వాడు ఎవరికీ చెప్పలే. మిర్చి అంటడు గానీ చెప్పలే.” అర్పిత గొంతు తగ్గింది. “గొలుసు అయినంక, పొద్దుగూకినంక సార్‌ను దేవుడు పిల్చుకుండని బాపయ్య తాత చెప్పిండు. తాతకు తెల్వదు. గొలుసు మధ్యలనే తెగింది. మీరు చెప్పిన్రు కద, ఒక్క లంకె పోయినా అని. సార్ చూపిచ్చిండు కద.”

గీతాంజలి చేతిలో చాప అలాగే ఉంది. జయపాల్ పొద్దుగూకాక పోలేదు. మధ్యాహ్నం కూడా కాకముందే పోయాడు. ఆసుపత్రి వరండాలో ఎవరో మాప్ పెట్టి తుడుస్తున్నారు. పక్కకు జరగమన్నారు, జరిగింది. అప్పుడే సంఘపెద్ద బాపయ్య ఫోన్‌లో ఉన్నాడు. ‘పిల్లలు ఇంకా వంతులు చేస్తున్నారమ్మా. ఇప్పుడే చెప్పనులే. గొలుసు పూర్తి కానీ. మీరు వచ్చేసరికి ఎలాగూ చీకటి పడుతుందిగా.’ ఆమె సరే అంది. ఆ రోజు ఆమె మొదట అన్న సరే అదే.

ఇప్పుడు ఈ పిల్లకు చెప్పాలి. మాట నోటి దాకా వచ్చింది. కానీ సాయంత్రం పోయాడన్నది తన ఒక్కదాని మాట కాదు, పెద్దలందరూ కలిసి పిల్లలకు చెప్పిన మాట. గీతాంజలి లేచి చాపలు గోడవారన పెట్టింది.

“ఇంటికెళ్ళు. మీ అమ్మ చూస్తుంటుంది.”

అర్పిత జాలీ దాకా వెళ్ళి వెనక్కి చూసింది, టీచరమ్మ ఇంకేమైనా అంటుందేమోనని. తర్వాత వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె బాపయ్య ఇంటికి వెళ్ళింది. వాకిట్లో వడ్లు ఆరబోసి ఉన్నాయి. బాపయ్య కుర్చీలో కూర్చుని కర్రతో కోళ్ళను అదిలిస్తున్నాడు. అమ్మగారు కూడా అక్కడే ఉంది, బాలల ఆదివారం భోజనాల సంగతి మాట్లాడుతోంది. గీతాంజలి అరుగు మీద కూర్చుని అర్పిత చెప్పిందంతా చెప్పింది.

“పిచ్చి పిల్ల,” అన్నాడు బాపయ్య చివరికి.

“దానికి నిజం చెప్పేద్దామండీ. ఆయన ముందే పోయాడని.”

బాపయ్య కర్ర పక్కన పెట్టాడు. “ఆ రోజు సంగతి నీకు తెలీదమ్మా. నువ్వక్కడ ఉన్నావు. పిల్లలు తిండి మానేసి, తలకు నూనె రాసుకుని, శుభ్రమైన బట్టలేసుకుని వరసలో నిలబడ్డారు. ఫోన్ పెట్టేసి జాలీలోంచి చూస్తే, ఆ చిన్నది, సుప్రీత, మోకాళ్ళ మీద ఉంది. కళ్ళు ఎంత గట్టిగా మూసుకుందో. వెళ్ళి, లేవండర్రా, మీ సారు పోయాడు అనడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం చెప్దాంలే అనుకున్నా. చెప్పేటప్పుడు, ఇప్పుడే పోయాడని నోటికొచ్చేసింది.”

“నాకు తెలుసండీ. నేనూ సరే అన్నాను.”

“పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసే పద్ధతి మనది కాదు. కేథలిక్కులు చేస్తారు. తెలిసి తెలిసి పిల్లల చేత సాయంత్రం దాకా చేయించామని ఇప్పుడు బయటపెడితే, రేపు మనం చెప్పేది ఏది నమ్ముతారు? ఎర్ర సముద్రం పాయలైందంటే నమ్ముతారా? తాతా, అదీ మా కోసం మార్చి చెప్తున్నావా అంటారు.”

“లోకేశ్ అయితే తప్పకుండా అంటాడు,” అంది అమ్మగారు. తర్వాత గీతాంజలి చెయ్యి పట్టుకుంది. “ఇదిగో గీతా, నేను చెప్పేది విను. దేవుడు నిన్ను క్షమించాడు, ఇక తిను అని చెప్పు. అది అబద్ధం కాదుగా. తింటుంది. సాక్ష్యం కూడా అలాగే మారుద్దాం. తప్పు ఒప్పుకుని క్షమాపణ పొందిన పిల్ల. ఇంకా బాగుంటుంది.”

“దేనికి క్షమాపణ?”

“ఉపవాసం తప్పిందిగా.”

“దానికోసం అది తిండి మానలేదు అమ్మగారూ. ఆయన్ని తనే చంపాననుకుంటోంది. క్షమించాడని చెప్తే, అవును నువ్వే అని చెప్పినట్టు.”

అమ్మగారు చెయ్యి వదల్లేదు కానీ పట్టు సడలింది. బాపయ్య వడ్ల వైపు చూస్తున్నాడు. ఒక కోడి మళ్ళీ వచ్చి గింజలు ఏరుతోంది. ఈసారి దాన్ని అదిలించలేదు.

“నీ ఇష్టం అనను,” అన్నాడు. “ఆలోచించుకో. పిల్లలకు మనమేగా బైబిలు. అది చిరిగితే అతికించడం కష్టం.”

ఆమె కాలవ గట్టు మీదుగా ఇంటికి నడిచింది. ఆ మాట మంచి మాటే. బాపయ్య మంచివాడే. జయపాల్‌ను తెచ్చిన రాత్రి సమాధి తవ్వేచోట లైటు పట్టుకుని నిలబడింది ఆయనే. ఆయన మీద కోపం వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు. వారమంతా పొద్దున లేచి, వండి, తిని, పడుకుంది. బడి వదిలే వేళకు వాకిట్లో నిలబడితే, పుస్తకాల సంచి బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తున్న అర్పిత కనిపించేది. ఒకరోజు కాలవ వంతెన దగ్గర ఆగి, గోడ పట్టుకుని, కాసేపు నిలబడి మళ్ళీ నడిచింది.

బాలల ఆదివారానికి ముందురోజు, శనివారం ఒంటిపూట బడి. గీతాంజలి అన్నం, పప్పు వండి, బడి దగ్గరికి వెళ్ళి అర్పితను వెంటబెట్టుకుని వచ్చింది. రెండు కంచాలు పెట్టింది.

“నాకొద్దు టీచరమ్మా.”

“కూర్చో.”

అర్పిత కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గీతాంజలి రెండింట్లోనూ అన్నం పెట్టి పప్పు పోసింది. మామిడికాయ పచ్చడి ముక్క వేసింది. ఆ పిల్ల కళ్ళు ముక్క మీద ఆగి, వెంటనే పక్కకు తిరిగాయి.

“టీచరమ్మా, దేవుడు నన్ను మాఫీ చేస్తడా?”

క్షమించాడు అనే మాట సిద్ధంగా ఉంది. అమ్మగారు ఇచ్చిన మాట. చెప్తే ఈ పిల్ల బహుశా తింటుంది. పెద్దయ్యాక కూడా తింటూనే ఉంటుంది, తనను దేవుడు క్షమించాడు కాబట్టి. గీతాంజలి గరిటె కింద పెట్టింది.

“అర్పితా, పాటల సార్ సాయంత్రం పోలేదు. పొద్దునే పోయాడు. పదకొండు దాటింది, అంతే. నువ్వు మూడింటికి వచ్చేసరికి ఆయన్ని కింద గదిలో పెట్టారు. నేను బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను, వాన్ కోసం.”

అర్పితకు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ అదే చెప్పింది, అవే మాటల్లో.

“అంటె నేను మిర్చి తిన్నప్పుడు...”

“అప్పటికే లేడు.”

“మరి బాపయ్య తాత పొద్దుగూకినంక అన్నడు.”

“అది నిజం కాదు. మీరందరూ బాధపడతారని అలా చెప్పాడు. నేనూ సరే అన్నాను. అయ్యగారికీ, అమ్మగారికీ తెలుసు.”

“అందరికీ తెల్సా?”

“పెద్దవాళ్ళందరికీ.”

అర్పిత ఆమె మొహం వైపు చూసింది, పాఠం చెప్తున్నప్పుడు చూసినట్టే, రెప్ప వెయ్యకుండా. “అయితె మేం ఎవరికోసం ప్రార్థన చేసినం? లోకేశ్‌కు మోకాలు గీరుకపోయింది. ఊరికెనే చేసినమా?”

“నాకు తెలియదు.”

ఇన్నేళ్ళలో పిల్లలు అడిగిన ఏ ప్రశ్నకూ గీతాంజలి ఆ జవాబు చెప్పలేదు. తెలియకపోతే వచ్చేవారం చెప్తాననేది. ఇంకేమీ రాదని అర్థమయ్యాక అర్పిత అడిగింది. “మరి గొలుసు? ఒక్క లంకె పోయినా అంతా పోయినట్టే అన్నరు.”

“అది సైకిల్ చైను. సైకిల్‌కు పనికొస్తుంది. ప్రార్థన అలాంటిదని చెప్పడం తప్పు. నాదీ, సార్‌దీ. జ్వరంతో పోయాడమ్మా ఆయన. ఎవరి వల్లా కాదు.”

“మిర్చి తింటే ఏం గాలేదా?”

“ఏం కాలేదు. బాగున్నాయా?”

“మస్తుండె,” అంది అర్పిత. అనగానే మూతి వంకర పోయింది. పెద్దగా ఏడవలేదు. నీళ్ళు వచ్చి చెంపల మీద నిలిచి, గౌను మీద పడ్డాయి. గీతాంజలి చూస్తూ కూర్చుంది. దగ్గరికి తీసుకోవాలని తెలుసు. చెయ్యి చాపి ఆ పిల్ల వీపు మీద వేసింది. ఎముకలు తగిలాయి.

అన్నం చల్లారింది. అర్పిత ముక్కు తుడుచుకుంది, లోటాలో నీళ్ళు తాగింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్ళు ముడిచింది.

“పదకొండుకు ఎవరుండె? లోకేశ్ కాదు. సుప్రీత.” ఒక్కసారి తలెత్తింది. “టీచరమ్మా, ఆమెకు చెప్పొద్దు. ఎవ్వరికీ చెప్పొద్దు. చిన్నది. నేను కండ్లు తెరిచిన్నేమో, గందుకే సార్ పోయిండు అనుకుంటది. ఆమె గూడ తినదు.”

గీతాంజలి ఆ పిల్లను చూసింది. బాపయ్య ఫోన్ పెట్టేసి జాలీలోంచి చూసినప్పుడు, ఆయన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

“చెప్పకపోతే ఎప్పటికైనా దానికి ఎవరో ఒకరు చెప్తారు. నీకు నువ్వు చెప్పుకున్నట్టు, అది కూడా ఇంకోటేదో చెప్పుకుంటుంది. రేపు సండేస్కూల్లో అందరికీ నేనే చెప్తాను. ఎవరి వంతులోనో పోలేదని, జ్వరంతో పోయాడని.”

“సాక్ష్యం?”

“నువ్వు చెప్పక్కర్లేదు. అమ్మగారితో నేను మాట్లాడతాను.”

“కోపం చేస్తరు.”

“చేస్తారు.”

అర్పిత ఆలోచించింది. “అయితె భోజనాలు అయినంక చెప్పుండ్రి. సుప్రీత తిననియ్యుండ్రి ముందు.” కంచంలోకి చూసింది. “నాకు గూడ తిన్నంక చెప్పుంటె బాగుండె. సల్లగయింది.”

“వేడి చేసి ఇవ్వనా?”

“వద్దు.”

ఎప్పుడూ భోజనానికి ముందు టీచరమ్మే ప్రార్థన చేసేది. అర్పిత కళ్ళు మూసుకుని ఆగింది. ఏమీ వినబడకపోయేసరికి ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుని, తనే గబగబా నాలుగు మాటలు చెప్పి ఆమెన్ అంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

“టీచరమ్మా, పప్పుల ఉప్పు లేదు.”

గీతాంజలి తన కంచంలో వేలు ముంచి నాలుకకు తగిలించుకుంది. లేదు. నిన్నటి పప్పులో వేసిందా? అంతకుముందు? గుర్తు చేసుకోవడానికి చూసింది. గుర్తు రాలేదు. లేచి వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసింది. చెయ్యి పడక, చెమ్మకు ఉప్పంతా గట్టిపడి రాయిలా అయింది. గరిటె కాడతో పొడిచింది. రాలేదు. ఇంకా గట్టిగా పొడిచింది.

“ఏం చేస్తున్నరు టీచరమ్మా?” అని అర్పిత అవతల్నుంచి నోటినిండా అన్నంతో అడిగింది.

“వస్తున్నా. నువ్వు తింటూ ఉండు.”

ఒక పెచ్చు ఊడింది. దాన్ని అరచేతిలో నలిపి తెచ్చి ఆ పిల్ల కంచంలో చల్లింది. అర్పిత కలుపుకుని తిని తల ఊపింది.

“ఇప్పుడు సరిపోయింది. మీరు గూడ ఏస్కోండ్రి.”

గీతాంజలి చేతిలో మిగిలింది తన కంచంలో వేసుకుని కూర్చుంది.